ముంబాయి నగరపు నవ్వులు

ముంబాయి నగరమును చూచి వచ్చినవారు సాధారణముగ సముద్రమును, మెరీన్ డ్రైవు దీపమాలికను, ఎలిఫెంటా గుహలను వర్ణింతురు. వానిని వర్ణించుటకు నాకంటె సమర్థులు పెక్కుమంది కలరు. నేనీ వ్యాసమున ఆ నగరపు నవ్వులను గూర్చి వ్రాయదలచితిని. ఒక యూర ఎవరు నవ్వుచున్నారో, ఎవరిని జూచి నవ్వుచున్నారో, ఆ నవ్వునకెంత వెల యిచ్చుచున్నారో పరిశీలించినచో ఆ యూరి సంఘస్థితి చాలవరకు తెలియునని నా నమ్మకము.

కడచిన వేసవిలో బడులు మూసిన పిమ్మట మావారును నేనును విజయవాడలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్సు ఎక్కి బయలుదేరితిమి. మా వదినగారి కాపురము ముంబాయిలోని మాటుంగాలో. అన్నయ్యగారు ఉద్యోగార్థము ఆ నగరము చేరి నలువదియేండ్లు దాటినది. వారి కుమార్తె, మా మేనకోడలు, ఒక కచ్చేరీలో పనిచేయుచున్నది. త్రోవలో షోలాపురము స్టేషనునందు ఫలహారము లమ్మువాడొకడు మరాఠీలో కేకలు వేయుచు వచ్చి, మా మాటలు చెవిని బడగానే తెలుగున బేరమునకు దిగెను. ఆ యూర మన పద్మశాలీలు తరతరములుగ మగ్గములు నేయుచున్నారని మావారు చెప్పిరి. తెలుగువారు కూటికొరకై పడమరకు పోయిన బాట అది. నేను చెప్పబోవు నవ్వులలో ఒకటి రెండు ఆ బాటవెంట నడచిపోయినవే.

మేము దిగిన మరునాడే మేనకోడలు, "అత్తయ్యా, ఈ శనివారం మిమ్మల్ని స్టాండప్ కామెడీకి తీసుకుపోతాను" అన్నది. ఆ పేరు వినని సోదరీమణులకై ఒక మాట చెప్పెదను. వేషము లేక, వాద్యము లేక, తోడు లేక, ఒక్కరు మైకు పట్టుకొని నిలువబడి తమ బ్రతుకునే కథావస్తువుగ చేసికొని సభను నవ్వించుట ఈ కళ. మనకిది మిక్కిలి క్రొత్తదేమియు కాదు. హరికథలో దాసుగారు చెప్పు పిట్టకథయు, అష్టావధానమున అప్రస్తుతప్రసంగి వేయు చమత్కారపు ప్రశ్నయు దీనికి దూరపు చుట్టములు. ఓరుగంటివారగు నేరెళ్ల వేణుమాధవ్ గారు ఒంటరిగ వేదికపై నిలిచి పదుగురి గొంతుకలను పలికించి, 1971 లో ఐక్యరాజ్యసమితి సభలో సైతము ప్రదర్శన మిచ్చిరి. క్రొత్తయైనది ఒక్కటే. ఇందు ఇతరుల గొంతుకకంటె తన గొంతుక ముఖ్యము. కనుకనే ఆ గొంతుక ఏ యింటినుండి వచ్చినదను ప్రశ్నయు ముఖ్యమైనది.

చిన్ననాట మా నాయనగారు నాకింటివద్ద చెప్పిన చదువులో భరతుని హాస్యరస ప్రకరణ మొకటి. హాస్యము ఆత్మస్థమని, పరస్థమని రెండు తెరగులు. తాను నవ్వుట మొదటిది, పరుల నవ్వించుట రెండవది. మరియు నవ్వులారు విధములు. పలువరుస కనబడని స్మితమును, కొంచెము కనబడు హసితమును ఉత్తములవి. విహసిత, ఉపహసితములు మధ్యములవి. భుజములు తల అదరునట్లు నవ్వు అపహసితమును, కన్నీరు గారగా ప్రక్కలు పట్టుకొని నవ్వు అతిహసితమును అధములవి. ఈ రసము స్త్రీలయందును నీచప్రకృతులయందును మెండుగ కనబడునని కూడ ఆ శాస్త్రము చెప్పినది. అనగా నవ్వునకు తరగతులు కట్టుట నేటి పని కాదు. రెండువేల యేండ్ల నాటిదే. సంస్కృత నాటకములందలి విదూషకుడు బ్రాహ్మణుడయ్యును ప్రాకృతమే మాటాడును. రాజును మంత్రియు సంస్కృతము మాటాడుదురు. నవ్వించువాడు ఏ భాషలో నవ్వింపవలెనో సైతము అప్పుడే నిర్ణయమైనది. ఈ రెండు విషయములను మనసునందుంచుకొని నేను ముంబాయి వీధులు తిరిగితిని.

మాటుంగా తూర్పుభాగము దక్షిణాదివారి పేట. కింగ్స్ సర్కిల్ చెంత మల్లెమొగ్గల దండలు, అరటియాకులు, ఉడుపి హోటళ్ల కాఫీవాసన కనులకు ముక్కునకు ఇంపుగ నుండును. అచ్చటికి నడకదూరముననే ధారావి కలదు. ఒక చదరపుమైలునకు లోబడిన ఆ నేలపై లక్షలాది జనులు నివసించుచున్నారు. సౌరాష్ట్రమునుండి వచ్చిన కుమ్మరులకు అందొక పేట. తమిళనాటినుండి వచ్చిన తోళ్లపనివారికి వేరొక పేట. ఉత్తరదేశమునుండి వచ్చిన జరీపనివారు ఇరుకు మేడగదులలో సూది కదల్చుచుందురు. సందులు రెండు చేతులు చాచినంత వెడల్పైన లేనివి పెక్కు. ఐనను ప్రతి సందునను నవ్వు వినబడును. నీటికొళాయివద్ద నిలిచిన స్త్రీలు ఒకరినొకరు ఎగతాళి సేయుచు నవ్వుట నేను చూచితిని.

హిందీ చలనచిత్రములు చూచువారెల్లరు ఎరిగిన జానీ లీవర్ ఈ ప్రాంతముననే పెరిగెను. ఆయన మనవాడని యెరిగినవారు తక్కువ. అసలు పేరు జనుమల జాన్ ప్రకాశరావు. 1957 లో కనిగిరిలో తెలుగు క్రైస్తవ కుటుంబమున జన్మించెను. తండ్రి హిందుస్థాన్ లీవర్ కర్మాగారమున పనివాడు. ఇంటి యిబ్బందులవలన ఏడవ తరగతితోనే చదువు ముగిసెను. పిమ్మట ఆ బాలుడు వీధులలో కలములమ్మెను. ఊరక అమ్మలేదు, ప్రసిద్ధ నటుల గొంతులతో కేకవేసి, వారి నడకలు నడచి, దారినబోవువారిని నిలిపి అమ్మెను. కొంతకాలము హైదరాబాదు యాకుత్‌పురాలో గడపి అచ్చటి మాటతీరును పట్టుకొనెను. తరువాత తానును తండ్రి పనిచేసిన కర్మాగారమున చేరి బరువైన పీపాలు మోసెను. ఒకనాడు పనివారి సంఘపు వేడుకలో అధికారుల మాటతీరును, నడకతీరును అనుకరించి చూపగా అందరు పొట్టలు చెక్కలగునట్లు నవ్వి, జానీ లీవరని పేరుపెట్టిరి. పేదవానికి నవ్వు బిరుదైనది. కంపెనీ పేరే ఇంటిపేరైనది.

ఆ వేడుకను గూర్చి నేను చాల తలపోసితిని. తక్కినదినములలో అధికారి ముందు తలవంచి నిలువవలసిన కూలివాడు, ఆ యొక్కదినమున వేదికపై నిలిచి అధికారి యగుచున్నాడు. అధికారియు దానిని చూచి నవ్వవలసినదే. కోపించినచో మరింత నగుబాటు. లోకమున బలవంతుడు బలహీనుని జూచి నవ్వుట నిత్యము జరుగును, దానికి వేదిక అక్కరలేదు. బలహీనుడు బలవంతుని ఎదుటనే, అతని నవ్వుతోనే, అతనిని కొలుచుటకు మాత్రము వేదిక కావలయును.

ఆయన 1981 లో ఆ కొలువు మానెను. 1982 లో అమితాబ్ బచ్చన్ బృందముతో దేశాంతరములకు పోయెను. క్యాసెట్లు వచ్చిన కాలమున "హసీ కే హంగామే" అను ఆయన హాస్యపు క్యాసెట్టు ఆటోరిక్షాలలోను, పెండ్లిపందిళ్లలోను, వాడల వసారాలలోను మ్రోగినదని మా అన్నయ్యగారు చెప్పిరి. అప్పుడాయన పదిగదులకొక్క వసారాయున్న ఒక చాల్‌లో నుండెడివారట. "ఒక గదిలో క్యాసెట్టు, పది గదుల్లో నవ్వు. ఎవరికీ ఖర్చు లేదు" అని ఆయన అనిరి.

1982 అను సంవత్సరము ముంబాయిలో వేరొక కారణమున ఎవరును మరువలేదు. ఆ జనవరి 18 వ తేదీన డాక్టరు దత్తా సామంత్ నాయకత్వమున నూలుమిల్లుల కార్మికులు సుమారు రెండున్నర లక్షలమంది సమ్మెకట్టిరి. అది ముగిసినదని ఎవరును ప్రకటింపకయే మిల్లులొక్కటొక్కటిగ మూతపడినవి. ఆ కార్మికులలో కొంకణమువారితోడను, ఘాట్లవారితోడను తెలంగాణమునుండి పోయిన పద్మశాలీలును ఉండిరి. వారి పేటలను చూడవలెనని నేను కోరగా అన్నయ్యగారు మమ్ము లాల్‌బాగునకు తోడ్కొనిపోయిరి.

ఆ మిల్లుపేటలకు తమదైన హాస్యశాల యుండెను. లాల్‌బాగు హనుమాన్ థియేటరులో పగలు మగ్గముల రొదలో చెవులు దిమ్మెక్కినవారు రాత్రి తమాషా చూచెడివారు. తమాషా యనగా మహారాష్ట్రుల వీధినాటకము. మొదట గణపతి ప్రార్థన, పిదప కృష్ణునితో గొల్లభామల సరసము, పిదప కథ. అందు సోంగాడ్యా యను హాస్యగాడు రాజుగారి కొలువున నిలిచి రాజునే ఆటపట్టించును. తరతరములుగ ఈ యాటను నిలిపినవారు మహార్, మాంగ్, కొల్హాటి మొదలగు అణగద్రొక్కబడిన కులములవారు. పగలు ఊరిలోనికి రానీయనివానిని రాత్రి ఊరెల్ల చుట్టుకూర్చుండి విన్నది. 1920 లో మాతంగ కులమున పుట్టి, బాల్యమున తలిదండ్రుల వెంట కాలినడకన ముంబాయి చేరి, మిల్లులో కూలిచేసిన అణ్ణాభావు సాఠే ఈ తమాషానే లోకనాట్యముగ దిద్ది, కార్మికుల కష్టమును నవ్వులో చుట్టి వేదికకెక్కించెను. మిల్లులు పోయిన వెనుక ఆ థియేటరు మూతపడెను. చూచుటకు మాకచ్చట అన్నయ్యగారి జ్ఞాపకములు తప్ప మరేమియు మిగులలేదు.

అచ్చటినుండి కొలది దూరమునగల లోయర్ పరేల్ చేరితిమి. 1905 లో నెలకొన్న ఫీనిక్స్ మిల్లు ఆవరణమున నేడు అద్దాల అంగళ్లు, చల్లని నడవలు, విదేశపు గడియారములు, అత్తరులు. ఎర్రని పొగగొట్టము మాత్రము నడుమ నిలిచియున్నది. ఆ ఆవరణముననే 2010 లో కామెడీ స్టోరను హాస్యశాల తెరవబడెను. అది లండను నగరమున 1979 లో ఆరంభమైన సంస్థకు శాఖ. లండనులో మొదట సభ నిర్వహించిన అలెక్సీ సేల్ లివర్‌పూలు శ్రామిక కుటుంబమునుండి వచ్చినవాడు. నల్లవారిని, ఆడవారిని, అత్తగారిని తిట్టి నవ్వించు పాతరీతిని త్రోసిపుచ్చి ఒక క్రొత్త హాస్యము ఆ శాలనుండి బయలుదేరెను. అదే సంస్థ మన దేశమునకు వచ్చునప్పటికి మిల్లు కూలగొట్టిన చోట మేడలో దిగినది. కొన్నియేండ్లకు ఆ పేరు మారినది. ఐనను ముంబాయిలో మైకు హాస్యమునకు ఒక స్థిరమైన ఇల్లు, వారము వారము జరుగు పద్ధతి ఏర్పడుటకు అది కారణమైనది.

ఆ తొలినాళ్లలో భాష ప్రధానముగ ఇంగ్లీషు. వస్తువు కాన్వెంటు చదువులు, విమానయానము, అమెరికా వీసా, ప్రేమలు. హాస్యము మంచిదే, కాని అందులోనికి ప్రవేశించుటకు మూడు తాళములు. ఒకటి టిక్కెట్టు, రెండవది ఇంగ్లీషు, మూడవది రాత్రి పదింటికి ఇల్లు చేరినను అడుగనివారుండుట. మూడవ తాళము ఆడవారికే. సంస్కృతమును ప్రాకృతమును ఇచ్చట తలక్రిందులైనవని నాకు తోచెను. నాడు విదూషకుడు ప్రజలభాష మాటాడగా రాజు నవ్వెను. నేడు రాజభాష మాటాడువారు ప్రజలను గూర్చి చెప్పి నవ్వించిరి.

ఐనను కాల మొకేరీతి నుండదు. 2012 లో ఆ శాలలో హాస్యము చెప్పనారంభించినవారిలో జానీ లీవర్ కుమార్తె జేమీ లీవర్ కూడ నున్నది. ఆమె లండనులో చదివి వచ్చినది. ఆశా భోస్లే మొదలగు స్త్రీల గొంతులను అచ్చుగ్రుద్దినట్లు పలికించును. తాత కర్మాగారపు కూలి. తండ్రి ఆ కర్మాగారపు వేడుకలో పేరుపొందినవాడు. మనుమరాలు కర్మాగారము పోయిన చోట కట్టిన హాస్యశాలలో నిలిచినది. మూడుతరములలో ఒక తెలుగు కుటుంబము నడచిన దూరమిది. అందరకును అంత శక్తియు, అంత అదృష్టమును కలుగవు కనుక తక్కినవారికి తలుపెట్లు తెరచుకొన్నదని నేను మేనకోడలిని అడిగితిని.

ఆమె చెప్పినదానిని బట్టి తలుపు రెండుమారులు తెరచుకొన్నది. మొదటిది టెలివిజనువలన. 2005 లో ఆరంభమైన "గ్రేట్ ఇండియన్ లాఫ్టర్ చాలెంజ్" అను పోటీలో కాన్పూరునుండి వచ్చిన రాజు శ్రీవాస్తవ పల్లెటూరి పెండ్లిభోజనములను, రైలుపెట్టెలను నటించి దేశమునెల్ల నవ్వించెను. 2022 లో ఆయన మరణించినప్పుడు పల్లెలు సైతము దుఃఖించినవి. ఆ పోటీలోనే 2008 లో అమృతసరమునుండి వచ్చిన భారతీ సింగ్ "లల్లీ" యను చిన్నపిల్ల వేషముతో పేరుపొందినది. శైశవముననే తండ్రిని పోగొట్టుకొని పేదరికమున పెరిగిన పిల్ల ఆమె. రెండవమారు ఫోనువలన. 2016 తరువాత ఇంటర్నెట్టు చౌకయగుటచే టిక్కెట్టు కొనలేనివారు కూడ అరచేతిలో చూడగలిగిరి. చూచువారు మారగా భాషయు మారెను. ఇందూరు నగరమున సంగీతకారుల యింట పుట్టిన జాకిర్ ఖాన్ చిన్నయూరి కుఱ్ఱవాని బెదురును, తండ్రియెడ భక్తిని హిందీలో చెప్పుచు పైకివచ్చి, 2025 ఆగష్టులో న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెనులో హిందీలోనే సభ నడిపెను. ప్రాకృతము మరల వేదికనెక్కినది.

శనివారము సాయంత్రము మేనకోడలు మమ్ము ఖార్ ప్రాంతమున నొక చిన్నశాలకు తీసికొనిపోయినది. టిక్కెట్టొక్కటి ఐదువందల రూపాయలు. మా వదినగారింట గిన్నెలు తోమునామె ఆ యింట వారముదినములు తోమిన జీతమది. శాలలో నూరుమందికి మించరు. కుర్చీలు దగ్గరదగ్గరగ వేసి, దీపము వేదికపై మాత్రము నిలిపిరి. ఐదుగురు చెప్పిరి, ఒక్కొక్కరు పదేసి నిమిషములు.

మొదటివారిలో నొకడు, చక్కని కుఱ్ఱవాడు, ఇంటి పనిమనిషిని గూర్చి చెప్పెను. ఆమె రానిదినమున తన తల్లి భూకంపము వచ్చినట్లు ఇరుగుపొరుగులకు ఫోనుచేయునట. ఆమె ఇంగ్లీషు మాటలు పలుకు తీరిట్లని అనుకరించి చూపెను. శాల ఘొల్లుమన్నది. నా ప్రక్కనున్న యొకామె కన్నీరు తుడుచుకొనునంతగ నవ్వినది. శాస్త్రము దానిని అతిహసితమనును. కాని అధములదని చెప్పిన ఆ నవ్వును ఐదువందలిచ్చి వచ్చిన ఉత్తములు నవ్వుచుండిరి.

నాల్గవదిగ ఇరువదియైదేండ్ల యువతి వచ్చినది. మామూలు పంజాబీ దుస్తులు, బిగించి కట్టిన జడ. మరాఠీ కలసిన హిందీలో మెల్లగ ఆరంభించినది. తెలుగున చెప్పినచో ఆ పదును కొంత తగ్గును, భావమిది. "మా అమ్మకు ముంబాయిలో ఆరిండ్లు కలవు. మీలో ఆరిండ్లున్నవారెవరు? ఆరింటి తాళపుచెవులును మా అమ్మ కొంగుననే యుండును. ఐనను ఒక్క యింటను కూర్చుండుటకు కుర్చీ లేదు." కొందరు నవ్విరి, కొందరికి అర్థమగుటకు క్షణము పట్టెను. ఆమె తొందరపడలేదు. "ఆ యిండ్లలో మా అమ్మకు ఎంత గౌరవమో తెలియునా? ఆమెకని ప్రత్యేకముగ ఒక గ్లాసు పెట్టిరి. పేరు వ్రాయకపోయినను ఇంటిల్లిపాదియు గుర్తింతురు, ఎవరును తాకరు. ఆ యింటి యజమానికైనను అంత మర్యాద లేదు. ఆయన గ్లాసులో ఎవరుపడిన వారు త్రాగుదురు."

ఈమారు వచ్చిన నవ్వు వేరు. మొదట ఒక మూలనుండి ఒకరు నవ్విరి, పిదప నిశ్శబ్దము, పిదప శాలయంతయు నవ్వినది. ఆ నవ్వులో ఎవరి మొగము వారు తడవికొన్నట్లుండెను. కన్నీరు తుడుచుకొనిన నా ప్రక్కయామె ఈసారి స్మితము మాత్రమే చేసి తన చేతిసంచిని సవరించుకొన్నది. ఒకే వంటిల్లు, ఒకే పనిమనిషి. మొదటివాడు వంటింటి గుమ్మము బయటనుండి చూచి చెప్పినాడు, ఈమె లోపలనుండి చెప్పినది. హాస్యవేదికమీద పలుకులముల, పలుతరగతుల వారుండవలెననుట వారియెడ దయ చూపుటకు కాదు. వారు లేనిచో సగము కథయే మనకు వినబడును; సగము కథను విని మొత్తము నవ్వుచుందుము.

ఈ సంగతి నెరిగి కొందరు దళిత యువతీయువకులు ముంబాయిలో "బ్లూ మెటీరియల్" అను పేర కూడి హాస్యసభలు నడపిరి. ఇంగ్లీషు హాస్యగాండ్ర పరిభాషలో ఆ మాటకు బూతుహాస్యమని అర్థము. నీలము అంబేద్కరుగారి అనుయాయుల పతాకవర్ణము. తమ్ము అశుచులన్న లోకమునకు ఒక్క శ్లేషతో బదులిచ్చిరి. పేరు పెట్టుటలోనే అంత చమత్కారము! వారిలో బస్తరు ప్రాంతమునుండి వచ్చిన మంజీత్ సర్కార్, బీడు పట్టణమునకు చెందిన అంకుర్ తాంగడే యను యువతి మొదలగువారు కలరు. పైతరగతి ముంబాయి స్త్రీలును ఈ రంగమున వెనుకబడలేదు. అదితీ మిత్తల్ తొలినాటి స్త్రీ హాస్యవేత్తలలో నొకతె. ఉరూజ్ అష్ఫాక్ 2023 లో ఎడింబరో హాస్యోత్సవమున ఉత్తమ నూతన ప్రదర్శకురాలి బహుమతి గైకొన్నది.

కాని అందరు ఒకే వెల చెల్లింపరు. బాల్యముననే చదువు మాని ముంబాయి డోంగ్రీలో గిన్నెలదుకాణమున పనిచేసి ఈ కళలోనికి వచ్చిన మునవ్వర్ ఫారూఖీని 2021 జనవరి 1 వ తేదీన ఇందూరులో, మతభావములను కించపరచెనను ఫిర్యాదుమీద నిర్బంధించిరి. నెలకు పైగా చెరలోనుండిన పిమ్మట ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు మధ్యంతరపు జామీనిచ్చెను. 2022 ఆగష్టులో ఆయన హైదరాబాదు శిల్పకళావేదికలో చెప్పినప్పుడు చుట్టును పోలీసులు బారులుదీరి నిలువవలసివచ్చెను. పరుల మనసు నొప్పింపరాదనుట ధర్మమే. నవ్వించువాడు దానిని మరువరాదు. ఐనను ఒకని పరిహాసము పరిహాసముగను, వేరొకని పరిహాసము నేరముగను ఎంచబడుచో, తూచు త్రాసును ఒకమారు పరీక్షించుటయు ధర్మమే.

మరునాడు సాయంత్రము మేనకోడలితో స్త్రీల పెట్టెలో చర్చిగేటునుండి తిరిగివచ్చుచుంటిని. ఆ మార్గమున 1992 నుండి స్త్రీలకొరకే రైళ్లు కూడ నడచుచున్నవి. పెట్టెలో కచ్చేరీలనుండి, అంగళ్లనుండి, ఇంటిపనులనుండి తిరిగివచ్చువారు క్రిక్కిరిసి నిలిచిరి. ఒకామె ఒడిలో బఠాణీలు ఒలుచుచుండెను. ఒకామె మరునాటి కూర తరుగుచుండెను. ఇంతలో నొకామె లేచి తన పై అధికారి కళ్లజోడు సవరించుకొను తీరును, ఆలస్యమైనదని గడియారము చూపు తీరును అభినయించినది. మరాఠీ, గుజరాతీ, హిందీ నాకు సగమే అర్థమైనను పెట్టెయంతటితో కలసి నేనును నవ్వితిని. పీపాలు మోసిన ప్రకాశరావు సంఘపు వేడుకలో చేసినదిదే. మైకు లేదు, వేదిక లేదు, ఐదువందల టిక్కెట్టు లేదు.

నవ్వు నాలుగు విధముల చేటని మనకొక సామెత. నవ్వెడి ఆడుదానిని, ఏడ్చెడి మగవానిని నమ్మరాదని మరియొకటి. భరతుడు హాస్యము స్త్రీలయందు మెండన్నాడు. మన పెద్దలు ఆ మెండును గుమ్మము దాటనీయలేదు. పెరటిలో, నూతివద్ద, పేరంటములలో మన యమ్మమ్మలు చెప్పిన పరిహాసములు ఎన్నియో వారితోనే పోయినవి. నేటి పిల్లలు వేదికనెక్కినప్పుడు ఆ నవ్వు మొదటిమారు బయటి గాలి పీల్చుకొనుచున్నది.

సోదరీమణులారా! మీ యింట ఆడపిల్ల పెదనాన్నగారి నడకను నడచి చూపినప్పుడు, "ఆడపిల్లకిదేమి తగునే" అని గద్దింపకుడు. మనసార నవ్వుడు. కాని అదే పిల్ల పనిమనిషి మాటతీరును అనుకరించి నవ్వింపజూచినచో, "బాగున్నదమ్మా; నీ మాటతీరును ఆమె తన యింట ఎట్లు అనుకరించుచున్నదో అది కూడ కనుగొని వచ్చి చెప్పుము, అప్పుడు రెండిటికిని కలిపి నవ్వెదము" అని పంపుడు.